ఊళ్ళో పర్యావరణం కమిటీ పెడితే జనం వస్తారా? ఉప్పునీళ్ల ఊరి మాట

తమ్ముడూ, నువ్వు అడిగింది ఏందంటే, మీ కందుకూరు పక్క ఊళ్ళో పదిపన్నెండు మంది కుర్రోళ్ళు కలిసి పర్యావరణ పరిరక్షణ కమిటీ పెట్టుకున్నారు, పక్కన ఫ్యాక్టరీ వస్తా ఉంది, పబ్లిక్ హియరింగ్ (అనుమతి ఇవ్వకముందు జనం మాట వినే సభ) కూడా ఉందంట, మీటింగ్ అని మైకులో చెప్పిస్తే పదిహేను మంది కూడా రాలేదు, ఇట్టాంటి ఉద్యమాల వల్ల జనం నిజంగా ఊరి వ్యవహారాల్లోకి వస్తారా లేక నాలుగు రోజులు అరిచి ఎవరి పనికి వాళ్ళు పోతారా అని. రెండూ జరుగుతాయి. ఏది జరుగుద్దనేది మీరు మొదటి రెండు నెలలు ఏం చేశారనేదాన్ని బట్టి ఉంటది, అది నేను చూసినంతలో చెప్తా, కొంచెం పొడుగైతే ఏమనుకోమాక.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఈయనెవరు నీతులు చెప్పటానికి అంటావు. మాది నెల్లూరు జిల్లా అల్లూరు పక్క, సముద్రానికి దగ్గర. 90ల మొదట్లో అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమంలో వాలంటీరుగా రాత్రిబడి చెప్పినా, ఆ తర్వాత అందరితో పాటు నేనూ అప్పు చేసి రెండెకరాల రొయ్యల గుంట వేసినా, వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి గుంట మొత్తం పోయింది, ఆ అప్పు తీర్చటానికి ఏడేళ్ళు పట్టింది. అంటే గుంటల మీద గొడవ పడినోణ్ణీ నేనే, గుంట వేసినోణ్ణీ నేనే. ఊళ్ళో ఎవురన్నా "పర్యావరణం అంటా ఉండావు, నువ్వెయ్యలేదా గుంట" అంటే తలొంచుకుని వేసినాననే చెప్పేవాణ్ణి. నిజానికి అదే నాకు పనికొచ్చింది, ఎందుకంటే గుంటలోళ్ళు కూడా నాతో మాట్లాడేవాళ్ళు.

మీ మొదటి తప్పు ఆ పేరు. పర్యావరణం అనే మాట విని ఎవరూ ఇంట్లోంచి బయటికి రారు, అది బళ్ళో వ్యాసరచన పోటీలో రాసే మాట. మా ఊళ్ళో జనం బయటికొచ్చింది పప్పు ఉడక్క. నవ్వుతావేమో, నిజంగానే చెప్తా ఉండా, చుట్టూ గుంటలు పడి మూడునాలుగేళ్ళు అయ్యేసరికి వీధి బావిలో నీళ్ళు చవుడెక్కినయ్యి, ఆ నీళ్ళతో కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు, టీ పెడితే పాలు విరిగిపోయేవి, ఆడోళ్ళు రెండు మైళ్ళు పోయి చప్పటి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. మగోళ్ళకి ఇది సమస్యగా కనపడటానికి ఇంకో రెండేళ్ళు పట్టింది, ఎందుకంటే బిందె మోసేది వాళ్ళు కాదు గదా.

ఇదేదో మా ఒక్క ఊరి గోడు కాదు. 1996 డిసెంబర్ 11న రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో మా నెల్లూరు జిల్లా కుర్రు గ్రామం ప్రస్తావన ఉంది. ఊరి నాలుగు పక్కలా ఆక్వా ఫారాలు వచ్చి 600 మంది మత్స్యకారులకి తాగటానికి నీళ్ళు లేకుండా పోయినయ్యని, జనం గొడవ చేశాకే నీళ్ళు అందించినారని అందులో ఉంటది. ఆ కేసు వేసింది తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్, పెద్దాయన, గాంధీగారి దారి మనిషి. ఆయన తమిళనాడులో ఉండి కోర్టుకి పోతే మన ఊరి బిందెల గురించి ఢిల్లీలో రాసినారు, అదెట్టా సాధ్యమైందంటే అక్కడక్కడా ఊళ్ళల్లో ఎవరో ఒకరు ఏ ఊళ్ళో ఏం జరిగిందో కాగితం మీద పెట్టి పంపినారు కాబట్టి. ఈ కాగితం మీద పెట్టటం అనేదే అసలు సంగతి, దాని దగ్గరికే వస్తా ఉండా.

మేము చేసిందేందంటే, ఇది చాలా ఆలస్యంగా తెలుసుకున్నాం, నువ్వు రేపే చేసుకోవచ్చు. టీడీఎస్ మీటర్ అని, నీళ్ళల్లో కరిగిన ఉప్పు ఎంతుందో అంకెలో చూపిస్తది, పెన్ను అంత ఉంటది, కొన్ని వందల రూపాయల్లో వస్తది. హైస్కూలు పిల్లల చేత ప్రతి శనివారం ఊళ్ళో ఉన్న బావులు, చేతిపంపులు, బోర్లు అన్నిట్లో పెట్టించి ఆ అంకె బావి గోడ మీదే సుద్దతో తేదీ వేసి రాయించినాం. తాగేనీళ్ళల్లో లీటరుకి 500 మిల్లీగ్రాముల వరకు ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 వరకు సర్దుకోవచ్చు అని ప్రభుత్వ ప్రమాణమే చెప్తది, ఆ రెండు అంకెలు కూడా పైన పెయింటుతో రాయించినాం. అంతే, ఏ ఉపన్యాసం లేదు. నీళ్ళకొచ్చిన ప్రతి ఆడమనిషీ పోయిన వారం అంకె, ఈ వారం అంకె చూసేది. రొయ్యలు పట్టినాక గుంట ఖాళీ చేసి నీళ్ళు కాలవలోకి వదిలేస్తారు గదా, ఆ తర్వాత వారం అంకె పైకి లేసేది. అది చూసి ఒకామె, పెద్దగా చదువుకోలా, "ఆ గుంట ఎవురిది, మొన్న పట్టింది?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను పదేళ్ళు మీటింగులు పెట్టినా రాలేదబ్బా. మీటర్ ఉప్పుని కొలుస్తది గానీ ఆ ఉప్పు యాణ్ణుంచి వచ్చిందో చెప్పదు, అది కోర్టులో నిలబడే రుజువు కాదు, దానికి ల్యాబ్ రిపోర్ట్ వేరే కావాలి. కానీ జనాన్ని ప్రశ్న దాకా తీసుకొస్తది.

ఆ ప్రశ్న నుంచి పంచాయతీ ఆఫీసుకి దారి పడింది. తాగునీటి వనరుకి 100 మీటర్ల లోపల గుంట ఉండకూడదని తీరంలో రొయ్యల సాగుని అదుపు చేసే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ మార్గదర్శకాల్లో ఉంది, మరి ఇక్కడ ఎట్టా ఇచ్చినారు, ఎవరు ఒప్పుకున్నారు అని పోతే, గ్రామసభ తీర్మానం ఉంది అన్నారు. ఏ గ్రామసభ? ఎవరికీ గుర్తులేదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టినాం. ఇది రాసి పెట్టుకో, మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఆ దరఖాస్తుకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, 30 రోజుల్లో ఇవ్వాలి. మాకు 30 రోజుల్లో రాలా, అప్పీలు పెట్టినాక వచ్చింది, జిరాక్సు కాపీలు, తీర్మానం దాని కింద రెండు పేజీల సంతకాలు.

అవి రచ్చబండ దగ్గర కూర్చుని చదువుతా ఉన్నాం. నాకు పెద్దమ్మ వరస అయ్యే ఒకామె, అక్షరదీపంలో నా దగ్గరే సంతకం నేర్చుకుంది, కళ్ళజోడు పెట్టుకుని వేలుతో ఒక్కొక్క లైనూ దిగుతా పోయి ఒక చోట ఆగింది. ఇది నా సంతకం అంది. తేదీ ఏంది అంది. చెప్పినాం. లెక్కపెట్టుకుని, "ఆ రోజు నేను రొట్టెల పండగకి నెల్లూరు పోయినా గదరా, స్వర్ణాల చెరువు కాడ మోకాల్లోతు నీళ్ళల్లో నిలబడి ఆరోగ్యం రొట్టె పట్టుకునుండా, ఈ సంతకం ఎవురు పెట్టినారు?" అంది. పైగా ఆమె సంతకంలో 'మ' కొమ్ము తిప్పేది వేరేలాగ, ఎవరో చక్కగా రాసినారు, ఆమె అంత చక్కగా ఎప్పుడూ రాయలా. అందరం నవ్వినాం, ఆమె నవ్వలా. ఆ తర్వాత ఇంకో ఇద్దరివి అట్టాగే బయటపడినయ్యి, ఒకాయన అయితే అప్పటికే చనిపోయి సంవత్సరమైంది.

ఆ రోజు నుంచి మా ఊళ్ళో గ్రామసభ అంటే వేరే అయింది. ఇక్కడే నీ ప్రశ్నకి జవాబు ఉంది అనుకుంటా. ఆమెకి గుంటలంటే ఏమీ తెలీదు, సుప్రీంకోర్టు తెలీదు, కానీ తన పేరు తనకి తెలీకుండా వాడుకున్నారనేది తెలుసు. నీళ్ళ కోసం రిజిస్టరు తెరిపించిన మనిషి ఆ తర్వాత అంగన్‌వాడీ గుడ్ల లెక్క అడిగింది, ఉపాధి హామీ మస్టర్ అడిగింది, స్కూలు కమిటీలో కూర్చుంది. గుంటల గొడవ సగంలోనే ఆగిపోయింది, రెండు గుంటలు మూయించగలిగినాం, మిగతావి అట్టాగే ఉన్నయ్యి, కానీ రిజిస్టరు తెరవమని అడగటం ఆగలా. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినారు గదా, చాలా చోట్ల ఫొటోలు తీసి పంపేదే పని, మా ఊళ్ళో మాత్రం కొత్త పనులు రాయకముందు పోయినసారి తీర్మానాలు చదవండి సార్ అని ముగ్గురు ఆడోళ్ళు లేచినారు. సార్ దగ్గర పాత రిజిస్టరు లేదు. తెచ్చేదాకా కూర్చున్నారు, మజ్జిగ తాగి మరీ.

మా జిల్లాలో ఇది కొత్త కాదులే. దూబగుంట తెలుసు గదా, కలిగిరి పక్క. అక్కడ మొదలైంది సారా గొడవ, పర్యావరణం కాదు, అయినా పద్ధతి అదే. రాత్రిబడికి వచ్చిన ఆడోళ్ళు పాఠంలో తాగుడు కథ చదివి, ఇది మన ఇంటి కథే గదా అనుకుని, సారా అంగడి మూయించినారు. ముందుండి నడిపిన రోశమ్మ పేరు అందరికీ తెలుసు. అక్కణ్ణుంచి జిల్లా అంతా పాకి, 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు సాగనివ్వలా, 1993 అక్టోబర్‌లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేసినారు కూడా. ఎత్తేశారు కాబట్టి ఓడిపోయినారు అంటారు కొందరు. నేను ఒప్పుకోను, ఆ సారా డబ్బులు మిగిలితే రోజుకి రూపాయి దాచుకుందామని మొదలెట్టిన పొదుపు సంఘాలు ఇప్పటికీ ఉన్నయ్యి, మా ఊళ్ళో బావి అంకెలు రాసినప్పుడు ఆ కబురు ఇంటింటికీ పోయింది పొదుపు సంఘం మీటింగుల్లోనే. నువ్వు కొత్తగా కమిటీ పెట్టుకున్నావు, ఊళ్ళో ముందే ఉన్న సంఘాల దగ్గరికి పోయినావా? పదిహేను మంది కూడా రాలేదంటే నువ్వు వాళ్ళని నీ దగ్గరికి రమ్మన్నావు, వాళ్ళు కూర్చునే చోటికి నువ్వు పోలేదు.

మీది సముద్రం పక్క ఊరైతే పట్టపోళ్ళ (మత్స్యకారుల) పాలేల్లో ఇంకో కట్టుబాటు ఉంటది, కాపులు, అంటే వాళ్ళ కులపెద్దలు, కూర్చుని దురాయి (కట్టడి) వేస్తే ఆ రోజు ఒక్క పడవ కూడా దిగదు. ఒక్క పొద్దులో ఊరంతా వస్తది, చూట్టానికి గొప్పగా ఉంటది. కానీ నాకు దాని మీద పూర్తి నమ్మకం లేదు. ఆడోళ్ళకి అక్కడ నోరు ఉండదు, జరిమానా భయంతో వచ్చినోడు పెద్దకాపు మెత్తబడిన రోజు ఇంటికి పోతాడు. అట్టా మెత్తబడిన ఊళ్ళు చూసినా.

ఇంక పబ్లిక్ హియరింగ్. దీని మీద చాలా తప్పుడు అభిప్రాయాలు ఉన్నయ్యి. ఒకటి, ఇది ఓటింగు కాదు. వెయ్యి మంది వద్దు అంటే ఆగిపోద్ది అనుకుని జనాన్ని లారీల్లో తోలుకొస్తారు, అవతలోళ్ళు కూడా బస్సుల్లో తోలుకొచ్చి ముందు వరసల్లో కూర్చోబెడతారు, బిర్యానీ పొట్లాలు, షామియానా, తోపులాట, రద్దు, మళ్ళీ తేదీ. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం అసలు ఇంతమంది రావాలని కనీస సంఖ్యే లేదు. జరిగేదేందంటే, అక్కడ వచ్చిన ప్రతి అభ్యంతరం రాసుకోవాలి, దానికి కంపెనీవాళ్ళు జవాబు చెప్పాలి, తుది నివేదికలో అది కనపడాలి. అందుకని "మాకొద్దు" అనే వంద నోళ్ళ కంటే "మీ రిపోర్టులో ఫలానా పేజీలో మా ఊరి చెరువు లేదు" అనే ఒక్క మాట బరువు. కార్యక్రమం మొత్తం వీడియో తీయాలి, కలెక్టర్ గానీ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి, చివర్లో జనం ఏమన్నారనేది తెలుగులో చదివి వినిపించాలి. ఈ చివరిది చదివేలోపే షామియానా విప్పేస్తారు, మీరు మాత్రం కూర్చోండి.

ప్రాజెక్టు వల్ల చుట్టుపక్కల ఏం జరుగుద్దో కంపెనీ తయారుచేయించే రిపోర్టు ఉంటది, దాని సారాంశం తెలుగులో ఉండాలి, ముసాయిదా కాపీలు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో జనం చూసుకోటానికి పెట్టాలి. పోయి అడుగు. మా పక్కన ఒక ప్రాజెక్టుకి ఇట్టాగే హియరింగ్ పెట్టినప్పుడు డిగ్రీ చదివే కుర్రోడు ఒకడు మూడు రోజులు వరసగా పోయి కూర్చుని చదివినాడు, ఫొటోలు తీసుకోనీకపోతే చేత్తో రాసుకొచ్చినాడు. మ్యాపులో మా చేతిపంపులు రెండు లేవు, శ్మశానం దారి లేదు. ఆ రోజు వాడు మైకు దగ్గరికి పోయి తిట్టలా, అరవలా, బావి గోడ మీద అంకెల ఫొటో ఒకటి, మ్యాపు కాపీ ఒకటి పక్కపక్కన పెట్టి ఈ పంపు మీ మ్యాపులో చూపించండి సార్ అన్నాడు. మూడు నిమిషాలు కూడా పట్టలా. అంతకుముందు మాట్లాడిన నాయకుడి ఉపన్యాసం ఎవరికీ గుర్తులేదు, ఆ పంపు మాత్రం మినిట్స్‌లో ఎక్కింది. ప్రతి అభ్యంతరం రెండు కాపీలు తీసుకుపో, ఒకటి ఇచ్చి రెండో దాని మీద రిసీవ్డ్ ముద్ర, తేదీ వేయించుకో, ముద్ర లేని కాగితం పొట్లం కట్టుకోటానికే.

గ్రామసభ తీర్మానం చేస్తే చాలు అని కూడా జనానికి చెప్పమాక. ఒడిశా నియమగిరి కొండల్లో బాక్సైట్ గని మీద 2013లో సుప్రీంకోర్టు చెప్పినాక 12 గ్రామసభలు ఒకదాని తర్వాత ఒకటి వద్దన్నాయి, గని ఆగిపోయింది, నిజం. కానీ అది అటవీ హక్కుల చట్టం, గిరిజన ప్రాంతం, మన మైదానపు ఊళ్ళకి అది యథాతథంగా పనిచేయదు. లేని బలం ఉందని చెప్తే రేపు అది పనిచేయని రోజు జనం నీ మొహం చూడరు. ప్రాజెక్టుకి అనుమతి వచ్చేస్తే 30 రోజుల్లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నై బెంచికి అప్పీలు పోవచ్చు, సరైన కారణం ఉంటే ఇంకో 60 రోజులు ఇస్తారు, ఆ గడువు కూడా దాటితే అంతే సంగతులు. ఈ తేదీ గుర్తుపెట్టుకోవటం ఒక్క మనిషికి అప్పగించు, అందరి పనీ అంటే ఎవరి పనీ కాదు.

సోంపేట సంగతి చూడు. బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని శ్రీకాకుళం జనం కదిలినారు, 2010 జూలై 14న కాల్పుల్లో మనుషులు పోయినారు, అదే రోజు ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ కొట్టేసింది. అంటే బయట బీలలో ఆడామగా నిలబడి ఉన్న టైములోనే ఇంకోపక్క ఎవరో కాగితాలతో ఢిల్లీలో వాదిస్తా ఉన్నారు. జనం లేకపోతే కాగితాన్ని పట్టించుకోరు, కాగితం లేకపోతే జనాన్ని లాఠీలతో తోలేస్తారు. అందుకే మీ పన్నెండు మందిలో అరిచేవాళ్ళనీ చదివేవాళ్ళనీ ఇప్పుడే విడదీసుకో, చదివేవాళ్ళు దొరకటమే కష్టం.

ఇంకోటి చెప్పకుండా పోతే మోసం చేసినట్టు ఉంటది. ఉద్యమం ఊరిని కలుపుద్ది అంటారు, ముందు చీలుస్తది. మా ఊళ్ళో గుంటల్లో మేత వేసే కూలీలు, రాత్రి కాపలా కాసేవాళ్ళు, ఏరేటర్ మెకానిక్కులు, వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది ఆ గుంటల మీదే. మేము ఊరేగింపు తీస్తే వాళ్ళు అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళు, ఒక పెళ్ళిలో బంతి దగ్గర మా వాళ్ళ పక్కన కూర్చోలా. మేము చేసిన పెద్ద పొరపాటు అది, గుంటలు మూసెయ్యాలి అన్నాం గానీ, వదిలే నీళ్ళు శుద్ధి చేసి వదలాలి, బావి దగ్గర గుంట తీసెయ్యాలి అని మొదట్లోనే విడదీసి అడిగి ఉంటే సగం మంది కూలీలు మాతో వచ్చేవాళ్ళు, వాళ్ళు తాగేది కూడా ఆ నీళ్ళే గదా. కోర్టులో కూడా ఇదే అయింది, 1996లో సంప్రదాయ పద్ధతివి తప్ప తీర నియంత్రణ జోన్‌లో ఉన్న గుంటలు 1997 మార్చి 31 కల్లా తీసెయ్యమన్నారు, తర్వాత 2005లో చట్టం తెచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకుని నడుపుకోమన్నారు. అన్నీ పోవాలి అంటే అన్నీ మిగిలినయ్యి. నా అభిప్రాయం ఇది, ఒప్పుకోనివాళ్ళు మా కమిటీలోనే ఉన్నారు, ఇప్పటికీ నాతో వాదిస్తారు.

శత్రువు కనపడని చోట ఇదంతా పనిచేయదు. కనిగిరి, పొదిలి పక్క ఫ్లోరైడ్ చూడు, ఎముకలు వంగిపోయిన మనుషులు ఉన్నారు, లీటరు నీళ్ళల్లో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని తెలుసు, కానీ ఊరేగింపు ఎవరి మీద తీస్తారు, భూమిలో రాయి మీద తీస్తారా? అక్కడ జనం కలిసేది నీళ్ళ ప్లాంటు నడిపే కమిటీలో, ఫిల్టరు ఎప్పుడు మార్చినారు, క్యాను డబ్బులు ఏమైనయ్యి అని అడిగే దగ్గర. చూట్టానికి చప్పగా ఉంటది గానీ అదీ పౌరుల పనే. కంభం చెరువు ఐదారొందల ఏళ్ళ నాటిది, ఎప్పుడో విజయనగరం కాలంలో కట్టిన కట్ట, కట్ట గండి పడకుండా ఇన్ని తరాలు చూసుకున్నోళ్ళు ఏ ఉద్యమమూ అనుకోలా.

ఇప్పుడు నీ పని. హియరింగ్‌కి కనీసం 30 రోజుల ముందు నోటీసు పేపర్లో పడాలి, ఒక తెలుగు పేపర్లోనూ ఒక పెద్ద జాతీయ పేపర్లోనూ. అది ఏ తేదీన పడిందో, మీ పంచాయతీకి కాగితం వచ్చిందో లేదో రేపు పోయి కనుక్కో. ఈలోపు ఆదివారం బావులకి మీటరు పెట్టించు, పిల్లలతోనే, పెద్దోళ్ళు పెడితే తప్పు లెక్క రాస్తారు. సోమవారం పొదుపు సంఘం ఎక్కడ కూర్చుంటదో కనుక్కుని అక్కడికి పో, మీ కమిటీ బ్యానరు మాత్రం తీసుకుపోమాక. నోటీసు తేదీ దొరికినాక రాయి, సారాంశంలో ఏ పేజీలు ముందు చూడాలో అప్పుడు చెప్తా.